మధ్యలో ఆపని ఆట

ఎవరూ అడగని ఆటను గల్లీ అంతటికీ చూపిస్తానని పట్టుబట్టిన మనిషిది ప్రేమ అనాలా, మొండితనం అనాలా? ఏళ్లుగా నాలో తిరుగుతున్న ఈ ప్రశ్నను ఆయననే అడుగుదామనుకుంటూ ఉండిపోయాను. మొన్న శుక్రవారం పొద్దున ఆయన పోయాడు. మా గల్లీ కేబుల్ అన్న. గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు చేరేలోపే అయిపోయిందట.

ఇంటి ముందు మూగిన జనంలో ఎవరో అన్నారు: "మంచోడే పాపం, గని బతుకుడు తెల్వలే." ఆ మాట నాకు మింగుడుపడలేదు. ఇది రాయడానికి కారణం ఆ మాటే.

సిద్దిపేటలో కేబుల్ ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. అన్న టీవీలు బాగుచేసేవాడు. తన మిద్దె మీద డిష్ పెట్టి, స్తంభం నుంచి స్తంభానికి వైరు లాగి గల్లీకంతా కనెక్షన్లు ఇచ్చాడు. దుకాణాలవాళ్లు ఇచ్చే అడ్వటైజుమెంట్ల మీదే ఆయన ఇల్లు నడిచేది. రోజూ సాయంత్రం తన వీసీఆర్‌లో సినిమా వేసి, సరిగ్గా పాట మొదలయ్యే ముందు ఆపి, చీరల దుకాణం చూపించేవాడు. "పాట ముంగట ఆపితే, పొయ్యి మీద పాలు పొంగినా ఒక్కలు లేవరు చెల్లె," అని నవ్వేవాడు.

అమెరికాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగిన ఏడు ఆ నవ్వుకు పరీక్ష వచ్చింది. కోమటిచెరువు ఎండిన ఏళ్లలో ఆ అడుగున ఉత్తకాళ్లతో బంతి ఆడిన మనిషి ఆయన. వేళగాని వేళ వచ్చే మ్యాచ్‌లను టేపు చేసి, మరునాడు సాయంత్రం సినిమా బదులు వేయడం మొదలుపెట్టాడు. గల్లీ భగ్గుమంది.

"ఏం భాయ్, గీ ఉర్కుడేంది? సినిమా ఎయ్యరాదు!" అంది ఎదురింటి పెద్దమ్మ.

"నెల దినాలే అమ్మా, జర ఓపిక పట్టు."

"నెల దినాలా! అయితే నీ వైరు నువ్వే సుట్టవెట్టుకో!"

చీరల దుకాణం సేటు కూడా వచ్చాడు. మా అరుగు ముందే పంచాయతీ.

"క్రికెట్‌ల ఓవరు ఓవరుకు సందు దొరుకుతది. గీ ఆటల నా దుకాణం ఎక్కడ చూపిస్తవ్?"

"అమెరికాల గుడ గిదే లొల్లి సేటూ. ఉర్దూ పేపర్ల రాసిన్రు. మధ్యల అడ్వటైజుమెంట్లకు జాగ లేక టీవీలోల్లు తలకాయ పట్టుకున్నరట. ఆట ఆల్ల దేశంల, ఆల్లకే సయిస్తలేదట!"

"అమెరికా నాకెందుకయ్యా? పాట ముంగట ఆపినట్టే గోలు ముంగట ఆపు."

అన్న ఒప్పుకున్నాడు. టేపు కాబట్టి గోల్ ఎక్కడ పడుతుందో ఆయనకు ముందే తెలుసు. ఆ సాయంత్రం ఆట ఊపులో ఉండగా పట్టుచీరలు వచ్చాయి. వెంటనే గోల్. కాసేపటికి మళ్లీ చీరలు, మళ్లీ గోల్. ఆ తర్వాత చీర అంచు కనపడిందో లేదో, గల్లీ పిల్లలంతా ఒక్క గొంతుతో "గోల్!" అని అరిచారు. మేమంతా పడీపడీ నవ్వాం. అన్న నవ్వలేదు. మరునాడు మా గుమ్మంలో నిలబడి, "సూడకముందే తెలిసిన గోలు ఏం గోలు చెల్లె? ఆటను నేనే ఖరాబు జేసిన," అన్నాడు.

అంతే, ఇక ఆపలేదు. బజారులో కొత్తగా వచ్చిన కేబులోడికి తన అడ్వటైజుమెంటు ఇస్తానని సేటు బెదిరించాడు. "ఇచ్చుకో సేటూ. ఆట మాత్రం ఆప," అన్నాడు అన్న. "మరి ఇల్లెట్ల నడుస్తది? గది గుడ చెప్పు!" అని వాళ్లింటి లోపలి నుంచి ఆయన భార్య, మా భాభీ, అరిచింది. ఆయన ఆ రాత్రి మ్యాచ్‌కు టేపు సర్దుకునే పనిలో పడ్డాడు. దుకాణాలు పోయాయి. వాటి వెనకే ఇళ్లూ ఒకటొకటిగా కొత్త వైరుకు మారాయి.

ఫైనల్ నాటికి ఆయన వైరు మీద మిగిలిన కొద్ది ఇళ్లలో మాది ఒకటి. ఆ ఆటలో ఎంతసేపు చూసినా ఒక్క గోల్ పడలేదు, చివరికి పెనాల్టీలతో తేల్చారు. సినిమా లేదని అలిగిన పెద్దమ్మ ఎప్పుడు వచ్చి మా చాప మీద కూర్చుందో! ఆఖరి బంతి గోలు పైనుంచి ఎగిరిపోయి, కొట్టినవాడు తల వంచుకుని నిలబడితే, "అయ్యో కొడుకా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆట అయ్యాక అన్న పరుగున వచ్చాడు. "సూసిన్రా చెల్లె? ఎక్కడ ఆపుతం దీన్ని?"

తర్వాత కేబుల్ పోయింది. మళ్లీ టీవీలు విప్పుకుంటూ బతికాడు. ఆయనకు బతకడం తెలియదన్నవాళ్లకు ఒకటే చెబుతాను. పాటకు ముందు ఎక్కడ ఆపాలో కనిపెట్టిన మనిషికి బతకడం తెలియకేం? తెలిసే వద్దనుకున్నాడు.

ఇంత గట్టిగా రాశానా, పక్కింట్లో భాభీ కుట్టుమిషన్ వినిపిస్తుంది. కేబుల్ పోయిన నాటి నుంచి ఆ ఇంటిని లాగింది ఆ మిషనే. వద్దనుకునేటప్పుడు ఆయన ఆమెను అడిగాడా?

నిన్న భాభీ నన్ను మిద్దె మీదికి పిలిచింది. డిష్ తుప్పు పట్టి అక్కడే ఉంది. "పాత ఇనుపసామాన్లోడు అడుగుతుండు. మీ అన్న ఉన్నన్ని దినాలు ముట్టనియ్యలే. సదువుకున్నదానివి, నువ్వు చెప్పు చెల్లె. ఇచ్చేద్దునా?"

అడుగుతూనే ఆమె వంగి డిష్‌లో రాలిన వేపాకులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఉంచమనాలో తీసేయమనాలో నాకింకా తెలియదు.