చెట్టు చూసి వచ్చినవాళ్లం

పాడేరు నుంచి అరకు వెళ్లే మా బస్సు హుకుంపేట దాటాక ఒక మలుపులో ఆగిపోయింది. ముందున్న లారీ ఎంతకీ కదలడం లేదు. నేనూ, కాళ్ల దగ్గర పసుపుకొమ్ముల సంచి పెట్టుకుని నా పక్కన కూర్చున్న ఆవిడా వానలోనే దిగి వెళ్లి చూశాం. మలుపు అవతల పెద్ద చెట్టు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. వచ్చి కండక్టరుకి చెప్పాం.

"మీకేటి తెలుస్తాదమ్మా, ఎక్కండెక్కండి," అని అతను ఇద్దరు మగవాళ్లని పంపాడు. వాళ్లూ వచ్చి అదే చెట్టు సంగతి చెప్పారు. డ్రైవరు మారుమాట లేకుండా బస్సు వెనక్కి తిప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మాత్రం తడిసిన చెంగు పిండుకుంటూ నవ్వింది.

"యేసు సమాది కాళీగా ఉందని ఆడోలొచ్చి సెప్తే సిస్యులే నమ్మలేదు కదమ్మా! కట్టుకతే అయితే ముందు సూసింది ఆడోలని ఎవులైనా రాస్తారేటి? మగోలనే రాద్దురు. జరిగింది జరిగినట్టు రాసారు. అందుకే ఆ పుస్తకం నాను నమ్ముతాను."

బైబిలు నిజమనడానికి తవ్వకాలనీ, పాత ప్రతులనీ, నెరవేరిన ప్రవచనాలనీ చిన్నప్పటి నుంచీ ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఈ మాట ఎవరూ చెప్పలేదు. పోయిన ఈస్టరుకి మా సంఘంలో నేనే లేచి చెప్పాను.

పెద్దలు శ్రద్ధగా విన్నారు. "బాగుందమ్మా, ఒకసారి పాస్టరుగారిని అడిగి కనుక్కుంటాం," అన్నారు.