మా కోడలు పెట్టిన బడి

మా కోడలు రూతు మీద నాకు అనుమానం నిన్న మొన్నటిది కాదు. పెళ్లిచూపుల నాడే మొదలైంది. ఏదడిగినా జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. అలా ఆగే మనిషి కడుపులో ఏదో దాచుకుందని నా నమ్మకం. ముప్పై నాలుగేళ్లు సర్కారు బళ్లో పనిచేశాను. పరీక్షలో చీటీ పెట్టుకున్న పిల్లవాడు కూడా సరిగ్గా అలాగే ఆగుతాడు. అలాంటివాళ్లను పట్టుకోవడంలో నాకు పేరుండేది. ఎదురుగా జోజప్ప మాస్టారు అనేవాళ్లు, వెనకాల సోదా సారు అనేవాళ్లు. రెండో పేరే నాకిష్టం.

మా ఊరు గుత్తికి పదకొండు కిలోమీటర్లు. మూడు తరాల నుంచి మాది కతోలిక ఇల్లు. కొడుకు చిన్నప్ప లారీ తోలుతాడు, పది రోజులకోసారి వస్తాడు. రూతు పక్కూళ్లో సిస్టర్లు నడిపే చిన్న ఆసుపత్రిలో పనిచేస్తుంది. మనవరాలు తెరేజకు పదేళ్లు. నా భార్య పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక నేను తాగుడుకు పడ్డాను. దాచేదేముంది, ఊరంతా చూసిందే. తర్వాత మానేశాను. మాత్ర మింగలేదు, మొక్కు మొక్కలేదు, నా అంతట నేనే మానేశాను. ఏడాదిన్నర అయింది. అడిగినా అడక్కపోయినా ఈ సంగతి నలుగురికీ చెబుతుంటాను.

తెరేజ బడికి పోదు. మా ఊరి బళ్లో మూడో తరగతి దాకానే మిగిల్చారు. ఆ పైన చదవాలంటే లారీలు తిరిగే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడవాలి. "ఇంట్లో హెడ్మాస్టరును పెట్టుకొని బిడ్డను ఆడికి పంపేదెందుకు మామా? ఈడనే చెప్పుకుందాం" అంది రూతు రెండేళ్ల కింద. ఆ మాటకు నా ఒళ్లు పొంగింది. పొగడ్త వినగానే అనుమానించాలని ఇన్నేళ్ల ఉద్యోగం నేర్పినా, ఆ రోజు మాత్రం మరిచిపోయాను.

ఇంటి బడికి టైంటేబుల్ రూతుదే. ఐదున్నరకు లేచి ప్రార్థన. తర్వాత రొట్టెలు తడుతూనే పిల్లకు తెలుగు, ఇంగ్లీషు, జ్ఞానోపదేశం చెబుతుంది. పుస్తకాల నిండా జొన్నపిండి వేలిముద్రలే. తొమ్మిదిన్నర బస్సుకు ఆమె ఆసుపత్రికి పోతుంది. పది నుంచి నాలుగు దాకా లెక్కలు, సైన్సు, సోషలు నావి. పది కొట్టేసరికి ఇద్దరం చాప మీద ఉండాల్సిందే. మధ్యాహ్నం పన్నెండుకు త్రికాల జపం. పిల్ల లేచి నిలబడితే నేనూ నిలబడాలి. రాత్రి ఏడింటికి జపమాల. పది పూసల చుట్లు ఐదూ పూర్తయ్యేదాకా కంచం పెట్టదు.

ఇదంతా బాగానే ఉంది. అసలు గొడవ ఆరో తరగతి దగ్గర వచ్చింది. జూన్‌లో పిల్లను గుత్తి బళ్లో చేర్పించమని, ఆ బడి బస్సు ఊరి ముందుకే వస్తుందని జనవరి నుంచి చెబుతున్నాను. నేను చెప్పిన ప్రతిసారీ రూతు ఆ ఒక్క క్షణం ఆగుతుంది. ఆగి, "చూద్దాం మామా" అంటుంది. పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందేమోనని నాకు గుబులు పట్టుకుంది.

ఆ గుబులుకు ఎర్రిస్వామి కిరోసిన్ పోశాడు. పక్కింటివాడు, గొర్రెలు మేపుతాడు. నా తాగుడు రోజుల్లో జతగాడు కూడా. ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, "ఏమప్పా మాస్టారూ, మీ పాపను మఠానికి ఇస్తాండారంట కదా?" అన్నాడు.

"ఎవరు చెప్పినార్రా నీకు?"

"చెప్పేదేముండాదన్నా. బడికి పంపరు. మూడు పూటలా జపాలు చేపిస్తారు. మీ కోడలు చూస్తే దినామూ ఆ సిస్టర్ల కాడనే ఉంటాది. ఏందో మొక్కుండాది."

నిప్పు లేనిదే పొగ రాదు. తెరేజ నెలలు నిండకుండా పుట్టింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఆ పన్నెండు రోజులూ రూతు వరండాలో కూర్చుని జపమాల తిప్పుతూనే ఉంది. ఏం మొక్కుకుందో మేమెవరమూ అడగలేదు. మా మేనత్తను కూడా చిన్నప్పుడు ఇలాగే మొక్కి సిస్టరుగా మఠానికి ఇచ్చారు. తర్వాత ఆమె ఇంటికి వచ్చింది మూడే సార్లు. సిస్టర్లంటే నాకు గౌరవమే. అయినా నా మనవరాలిని ఇమ్మంటే మాత్రం ఇవ్వను.

ఆ రోజు నుంచి కోడలిని కనిపెట్టడం మొదలుపెట్టాను. ఈస్టరు ముందటి నలభై రోజుల తపస్సు కాలం నడుస్తోంది. ఈస్టరుకు తెరేజ మొదటిసారి గుళ్లో ఫాదరు ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి కాబట్టి రూతు తెల్ల గౌను కుడుతోంది. గౌను అంచు నాలుగు వేళ్ల వెడల్పు లోపలికి మడిచింది. ఒక్కపూట తొడుక్కునే గౌనుకు అంత మడత ఎందుకు? పిల్ల పొడుగైనా తెల్లబట్టల్లోనే ఉంచాలనా? అడిగితే, "గుడ్డ మిగిలిందిలే మామా" అంది. నమ్మలేదు. ఇంకోరోజు పెరట్లో ఫోను మాట్లాడుతూ గొంతు తగ్గించింది. బట్టలు ఆరేసే వంకతో దగ్గరికి పోయాను. "జూన్ దాకా ఆగండి సిస్టర్. ఆ సీటు ఎవరికీ ఇయ్యొద్దండి. మా మామ సంగతి చూసుకోని చెప్తా" అంటోంది. నా సంగతి చూసుకునేదేమిటి? అడ్డం వచ్చేవాడిని నేనొక్కడినే అన్నమాట.

అన్నిటికంటే పెద్ద అనుమానం లెక్కల్లో ఉంది. తెరేజ పదిహేడు పదమూళ్లు నోటితో చెబుతుంది. భాగాహారం మాత్రం ఏడాదిన్నరగా రాదు. రోజూ మొదటినుంచి చెప్పిస్తాను. రోజూ మూడో మెట్టు దగ్గర తప్పుతుంది, అది కూడా ప్రతిరోజూ ఒకే చోట. నా సర్వీసులో ఇలాంటి పిల్లను చూడలేదు. వెనకాల తల్లి పిల్లను చెడగొడుతోందని, చదువు రాదని తేల్చి మఠానికి తోసేయాలని చూస్తోందని లెక్క కట్టాను.

పవిత్ర వారానికి ముందు గురువారం తెరేజ జపాల పుస్తకంలోంచి ఒక కాగితం జారిపడింది. మొదటి పాపసంకీర్తనానికి ముందు పిల్లలు తమ తప్పులు గుర్తు చేసుకుని రాసుకుంటారు. ఫాదరుకు చెప్పాక దాన్ని కాల్చేస్తారు. ఇంకొకరు చదవకూడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చదివాను. సాక్ష్యం దొరికితే వదిలే అలవాటు నాకు లేదు.

కోడిపిల్లను కాలితో తన్నిందట. జపమాలలో రెండుసార్లు నిద్రపోయిందట. ఎర్రిస్వామిని మనసులో తిట్టుకుందట. చివర ఇలా ఉంది: "నాకు భాగాహారం వచ్చు. రాదని జేజినాయనకు దినామూ అబద్ధం చెప్తాండా. అమ్మ చెప్పమనింది. ఎన్నిసార్లో లెక్క లేదు."

సాయంత్రం రూతు బస్సు దిగి గడపలో కాలు పెట్టిందో లేదో నిలదీశాను. "బిడ్డకు భాగాహారం వచ్చు."

ఆమె ఆగింది. "వచ్చు మామా" అంది.

"ఎట్ల తెలిసిందని అడగవా? ముప్పై నాలుగేండ్లు చేసినా నేను మాస్టారుగిరి. నన్నే మోసం చేస్తారా తల్లీకూతుళ్లు? సిస్టరుకు సీటు పెట్టమని చెప్పినావు, అది యాడ సీటు? మఠంలోనా?"

రూతు సంచి కింద పెట్టి తలుపు ఓరగా వేసింది. "గుత్తి బళ్లో ఆరో తరగతి సీటు, సిస్టరే మాట్లాడి పెట్టించినారు. బస్సులో పోయి బస్సులో వస్తాది. మఠం ఎవరు చెప్పినారు మామా నీకు?"

"మరి నా సంగతి చూసుకునేదేంది?"

"బిడ్డకు ఎక్కాలన్నీ వచ్చి, పెద్ద పెద్ద గుణకారాలు చేసిన దినం నువ్వేమన్నావో గుర్తుండాదా? ఇంక దీనికి నాతో పని లేదు, నా పని అయిపోయింది అన్నావు. మర్నాడు పది కొట్టగానే యాడికి పోయినావు?"

గుర్తుంది. పదింటికి రోడ్డు మీది బ్రాందీ షాపు తెరుస్తారు. ఆ రోజు చీకటిపడే వేళకు ఎర్రిస్వామి నన్ను ఆటోలో తెచ్చి పడేశాడు. నుదురు పగిలి నాలుగు కుట్లు పడ్డాయి. నేను తాగిన ఆఖరి రోజు అదే. ఆ దెబ్బతో బుద్ధి తెచ్చుకుని మానేశానని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను.

"పిల్లల ముందర తాగి నిలబడే మనిషివి కాదు నువ్వు. అది తెలిసే పది నుంచి నాలుగు దాకా నీ ముందర బిడ్డను కూర్చోబెట్టినా. అది నేర్చుకునేది అయిపోతే నువ్వు లేచి షాపుకు పోతావు. అందుకే భాగాహారం రాలేదు దానికి" అంది రూతు. "తప్పే. నాకు తెలుసు. బిడ్డతో అబద్ధం చెప్పించినా. మొక్కు కూడా ఉండాది. కానీ బిడ్డ మీద కాదు, నీ మీద."

నాకు పట్టలేనంత కోపం వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. ఇంట్లో బడి నేను నడుపుతున్నానని మీసం తిప్పాను. ఆ బళ్లో పిల్లవాడిని నేనే. నన్ను కాపలా కాయడానికి పదేళ్ల పిల్ల తన చదువును ఏడాదిన్నర ఒకే మెట్టు మీద నిలబెట్టుకుంది. ఆ రాత్రి జపమాలలో నా వంతు మంగళవార్త జపం కూడా రూతే చెప్పింది.

శుక్రవారం రూతు ఆసుపత్రికి పోయాక, పది కాకముందే చెప్పులు వేసుకున్నాను. అంతా నాటకమే అయితే నేనెందుకు ఇంట్లో కూర్చోవాలి? నా మీద మందు అధికారమో, పిల్ల అధికారమో తేల్చుకుందామని బయల్దేరాను. నిజం చెప్పాలంటే తాగాలనిపించింది, అంతే. చెనక్కాయ చేలు దాటి రోడ్డు దాకా వచ్చాను. షాపు షట్టరు లేపుతున్నారు. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. తెరేజ నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో నోటుపుస్తకం ఉంది.

"జేజినాయనా, భాగాహారం చెప్పవా?" అంది. "నాకు ఇంకా రాలేదు."

మర్నాడు పాపసంకీర్తనం పెట్టుకుని కూడా మళ్లీ అబద్ధమాడింది. దాని మొహంలోకి చూడలేకపోయాను. ఎర్రమట్టిలో దాని పాదాలు కాలుతున్నాయి. ఎత్తుకోబోయాను గానీ పదేళ్ల పిల్ల, బరువైంది. నా చెప్పులిచ్చి ఇంటికి నడిపించుకొచ్చాను. ఆ రోజు భాగాహారం మొదటినుంచి చెప్పాను. మూడో మెట్టు దగ్గర తప్పింది.

శనివారం గుళ్లో కుర్చీ పక్కన తెర కట్టి ఫాదరు కూర్చున్నారు. పిల్లలు వరసలో నిలబడ్డారు. తెరేజ లోపలికి పోయింది, చాలాసేపు ఉంది, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. పిల్లలందరి వెనకా నేను నిలబడ్డాను. పదకొండేళ్లయింది నేను ఆ వరసలో నిలబడి. ఫాదర్లు విన్నది బయట చెబుతారని నా అనుమానం.

బిడ్డ కాగితం చదివానని చెప్పాను. నా అంతట నేనే మానేశానని ఊరంతటికీ చెప్పుకున్నది అబద్ధమని చెప్పాను. కోడలిని అనుమానించానని చెప్పాను. ఫాదరు చిన్నవాడు, నా శిష్యుల వయసు. "మరి ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారు మాస్టారూ?" అని అడిగారు.

"బిడ్డను బడికి పంపాల" అన్నాను.

"తర్వాత మీరు?"

"తెలీదు ఫాదర్" అన్నాను. జపమాల ఒకటి చెప్పమన్నారు, ఇంట్లో నిజం దాచొద్దన్నారు. ఇంటికి పోయి రూతుకు కాగితం సంగతి చెప్పేశాను. ఆమె తల వంచుకుని, "నాకు తెలుసులే మామా" అంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు తెరేజ నీలం గౌను వేసుకుని బస్సెక్కింది. కిటికీలోంచి నన్నే చూస్తూ పోయింది, వాళ్ల అమ్మను చూడలేదు. ఇంటికొచ్చాం. రూతు తన బస్సుకు బయల్దేరకుండా వాకిట్లో ఊడ్చిందే ఊడుస్తోంది.

"పోవా?"

"సెలవు పెడతా మామా ఈ పొద్దుకు."

"ఎన్ని దినాలు పెడతావు? పో."

"ఇంకాసేపటికి పది అయితాది మామా."

"గడియారం నాకూ కనపడతాండాది." ఊడ్చడం ఆపమని చెయ్యి చూపాను. "చూడు తల్లీ. ఇన్నేండ్లు నేను నిన్ను అనుమానించినా. ఇంక నువ్వు నన్ను అనుమానించు. దినామూ అనుమానించు. మామ కదా అని మొహమాటపడొద్దు."

రూతు చీపురు గోడకు ఆనించి, సంచి తీసుకుని పోయింది.

పది గంటలకు చాప పరిచి, మళ్లీ చుట్టేశాను. పదకొండుకు ఒకసారి వీధి దాకా పోయి తిరిగొచ్చాను. పన్నెండుకు ఒక్కడినే నిలబడి త్రికాల జపం చెప్పాను, మధ్యలో మాటలు మరిచిపోయాను. ఎర్రిస్వామి గోడ మీదుగా పిలిస్తే పలకలేదు. నాలుగున్నరకు తెరేజ వచ్చి, సంచి విసిరేసి, అన్నం అడిగి తిని, ఆడుకోవడానికి వీధిలోకి పరిగెత్తింది.

ఐదింటికి రూతు వచ్చింది. నేను లేచి ఎదురుగా పోయి నిలబడి నోరు తెరిచాను. ఆమె సంచి కింద పెట్టి, నా మొహం దగ్గరికి వంగి, వాసన చూసింది.