ఐదో సంతకం

ఆ హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు 'సున్నా'. లెక్క ఎంత బాగా చేసినా జవాబు పక్కన మీటర్లో సెకన్లో రాయకపోతే నిర్దాక్షిణ్యంగా సున్నా చుట్టేవాడు. "ఐదు అని రాశావు. ఐదు ఏమిటి? ఐదు కిలోలా, ఐదు కోతులా?" అనేవాడు. ఇరవై ఆరేళ్లుగా అదే ప్రశ్న, అవే కోతులు. మొదట్లో పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఈమధ్య ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

మనిషి మంచివాడే, నాలుగు మాటలు తీయగా చెప్పడమే చేతకాదు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం అక్క ఫోన్ చేసి "తిన్నావురా?" అంటుంది, "తిన్నానక్కా" అంటాడు, అక్కడితో ఆ వారానికి ఇంట్లో మాటలు అయిపోయినట్టే. అతను నోరారా మాట్లాడేది పదకొండో తరగతి అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ క్లాసులోనే.

పది దాటిన పిల్లలు అడ్వాన్స్‌డ్ సైన్సుల్లో రెండిటిని ఎంచుకోవాలి. ముందు ప్రతి టీచరూ ఒక పరిచయ క్లాసు చెప్తారు. నచ్చినవాళ్లు తమ ఫారం మీద ఆ టీచరు సంతకం తీసుకోవాలి. ఐదుగురు చేరని క్లాసు ఎత్తేస్తారు. కెమిస్ట్రీ మేడం సీసాలో నీలం నీళ్లను చూస్తుండగానే రంగులేకుండా చేసి చప్పట్లు కొట్టించుకుంది. మాస్టారు మాత్రం బోర్డు నిండా ఓ లిఫ్టు లెక్క రాసి, "ఇది రానివాళ్లు నా క్లాసుకు రావద్దు" అన్నాడు. ఎవరికీ రాలేదు.

"మొదటిరోజే బెదరగొడితే ఎవరొస్తారు అన్నయ్యగారూ?" అని మేడం తల పట్టుకుంది.

"చేరాక బెదిరే కంటే ఇప్పుడే నయం కదమ్మా" అన్నాడు. న్యాయమే. కానీ న్యాయంతో బెంచీలు నిండవు.

శుక్రవారం నాలుగింటికి గడువు. మూడున్నరకి అతను చేసినవి నాలుగు సంతకాలే. క్లాసు పోతే వచ్చే ఏడాది ఆరో తరగతి పిల్లలకు స్కేలు పట్టుకోవడం నేర్పాలని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు. ల్యాబ్‌లో ఒక్కడే కూర్చున్న మాస్టారికి భయం వేసింది.

అప్పుడొచ్చింది, వెనక బెంచీ పొడుగు పిల్ల. ఫారం చేతికిచ్చింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. పెన్ను మూత తీశాడు. కానీ చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు కదా, చదివాడు. 'ఏమవ్వాలని ఉంది?' అన్నచోట 'పశువుల డాక్టర్' అని ఉంది.

"బయాలజీ లేకపోతే ఆ చదువులో సీటివ్వరు. తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసే వచ్చావా? ఫిజిక్స్ అంటే అంత ఇష్టమా?" పెన్ను చేతిలోనే పట్టుకుని అడిగాడు.

పిల్ల టేబుల్ అంచును గోటితో గీకింది. "మీకు నలుగురే ఉన్నారటగా సార్. మా అక్క మీ దగ్గరే చదివింది. ఆ ఒక్క క్లాసులోనే మీరు నవ్వుతారట. అది కూడా తీసేస్తే ఎలాగా అని..."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్నపిల్ల తనమీద జాలిపడి బతుకు పాడుచేసుకోవడానికి వచ్చింది. ఒక్క సంతకం గీకితే క్లాసు నిలుస్తుంది. గడియారం చూశాడు. ఇంకా పన్నెండు నిమిషాలు. పెన్ను కాగితం దాకా వెళ్లింది కూడా.

ఫిజిక్స్ కొట్టేసి, పక్కన బయాలజీ అని రాసి, ఫారం తిరిగి ఇచ్చేశాడు. "పరుగెత్తు. బయాలజీ టీచరు వెళ్లిపోతుంది."

"మరి మీరు?"

"నా గొడవ నీకెందుకే? ముందు నువ్వు కదులు!"

గుమ్మం దగ్గర ఆగింది. "ఖాళీ ఉన్నప్పుడు వచ్చి మాట్లాడొచ్చా సార్?"

"మధ్యాహ్నాలు ఇక్కడే ఉంటాను" అన్నాడు.

క్లాసు ఎత్తేశారు. ఆ నలుగురూ వేరే క్లాసుల్లో సర్దుకున్నారు. పొడుగు పిల్ల రెండుసార్లు వచ్చింది, ఓసారి పది నిమిషాలు, ఓసారి రెండు. మరి రాలేదు. ఆమె తప్పేం లేదు, బయాలజీ అంటే మాటలా, చదవడానికే పొద్దు చాలదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు. అయినా మధ్యాహ్నం వరండాలో అడుగుల చప్పుడైతే చాలు, దిద్దుతున్న పుస్తకం వదిలేసి లేచి నిలబడేవాడు.