పరదా కట్టిన చేత్తో తెరచాప

ఇవాళ ప్లేడే, వారపు సెలవు; బొగ్గుబాయిలో డ్యూటీ లేదు. చేపలు పట్టే మా పోశక్కతో గోదావరి దాటడానికి పడవెక్కాను. తెరచాప నేనే కడతానన్నాను. బాయిలో ఇరవై ఏళ్లుగా గాలిని దారి మళ్లించే పరదాలు కట్టేది నేనే మరి!

అలవాటుగా, ఎక్కడా సందు లేకుండా నాలుగు మూలలూ బిగించేశాను. నడి ఏట్లో గాలి పక్కకు తిరిగింది. పడవ ఒరిగి, వలల మీదికి నీళ్లొచ్చాయి. పక్క పడవలో తెడ్డేస్తున్న కాక ఒకాయన అరిచాడు: "తెరచాప దింపు! బాయి పనోనికి ఏటి గాలి ఏం తెలుస్తది?"

దింపబోతుంటే అక్క కసిరింది: "దింపకు తమ్మీ. బాయిల గాలి ఒక్కదిక్కే వస్తది, ఈడ గట్ల కాదు. కింది మూల తాడు జెర ఇడువు, గాలిని పోనియ్యి."

గాలిని పోనివ్వడమా! బాయిలో సందు వదిలితే మా పని చూసే సర్దార్ తిడతాడు. అయినా వదిలాను. గుడ్డ రెపరెపలాడింది, పడవ నిలదొక్కుకుంది. ఇక గాలి మారినప్పుడల్లా తాడు వదులుతూ, లాగుతూ అవతలి ఒడ్డుకు చేర్చాను. తెడ్డు ముట్టుకోలేదు. కాక మా తర్వాతే వచ్చాడు.

అరచేతులు బొబ్బలెక్కాయి. బాయి పనోడికి ఏటి గాలి తెలియదనేవాళ్లు ఇంకెవరైనా ఉంటే కింద కామెంట్లలో పేరు రాయండి. వచ్చే ప్లేడేకి పడవలో చోటుంది, తెరచాప మాత్రం నేనే కడతా.