ఘాటు మీదికి నెట్టేసిన పొగ

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గుండెల మీద బరువుగా కూర్చుంది. అయినవాళ్ల దగ్గర దించుకుందామంటే నోరు పెగలడం లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది దర్శి దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటాక, వరసగా వానలు మొహం చాటేసి మిరప ఎండిపోయినప్పుడు, మా ఊరి ఆడవాళ్లను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున ఒక రేవుకు పనికి వెళ్లాను. గుంటూరు నుంచి లారీల్లో వచ్చే ఎండుమిర్చికి తొడిమలు తీసి, బస్తాలకెత్తి, ఓడల్లోకి పంపే షెడ్డు అది. నేను మేస్త్రీని. ఆ మాట వింటేనే నా నడక మారిపోయేది. మా రమణక్క కూడా వచ్చింది. బావ పోయాక ఆమెకు తమ్ముడే దిక్కని ఊళ్లో అనేవారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఓడలు షెడ్డు పక్కనే ఆగేవి. ఓడ ఆగినా దాని ఇంజన్లు ఆగవు. లోపలి దీపాలకు, పంపులకు కరెంటు కావాలి కదా, ఉన్నన్నాళ్లూ జనరేటర్లు ఆడుతూనే ఉండేవి. ఆ పొగ గాలివాటంగా మా మీదికే వచ్చేది. ఉతికి ఆరేసిన నా తెల్లచొక్కా మీద జిడ్డు మసి చుక్కలు పడేవి. ఆడవాళ్లు దగ్గేవారు.

మిరప పండించేవాళ్లం, మాకు దగ్గొక లెక్కా? ఎవరు దగ్గినా ఘాటే అంటాం. కానీ మిర్చి ఘాటుకు ముందు తుమ్ములొస్తాయి, కళ్లు మండుతాయి, బయటికెళ్లి మొహం కడుక్కుంటే సర్దుకుంటుంది. ఈ దగ్గు అలా పోయేది కాదు. సరుకు రాక షెడ్డు ఖాళీగా ఉన్న రోజు కూడా, రేవులో ఓడ ఉంటే చాలు, దగ్గేవారు. ఇదంతా నాకు తెలుసు. తెలియదని ఇప్పుడంటే అది ఇంకో అబద్ధం.

ఒకరోజు రేవు ఇంజనీరు ఒకాయన వచ్చాడు. ఒడ్డు నుంచి ఓడకు కరెంటు లైను ఇస్తే ఇంజన్లు ఆపేయవచ్చట. పొగా ఉండదు, అంత డీజిలూ కాలదు. పొగ వల్ల మనుషులకు ఇబ్బందని తేలితే ఆ పని వెంటనే మొదలుపెడతారట. లైను వచ్చేదాకా షెడ్డు మూసెయ్యాలట. నాకు ఆ చివరి మాటే వినిపించింది. షెడ్డు మూస్తే నేనెవణ్ణి?

ఆయన అక్కనే అడిగాడు. “ఏమ్మా, ఈ దగ్గు ఓడ పొగ వల్లేనా?”

అక్క నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. “పొగేంటి సార్! మిర్చి ఘాటండి. గుంటూరు మిరపకాయంటే మాటలా? మావోళ్లకి పుట్టినకాడ్నించీ అలవాటే.”

ఆయన నవ్వాడు. అయినా అక్క వైపే చూశాడు. అక్క నా వైపు చూసింది.

“అవునయ్యా, ఘాటే,” అంది. “మా తమ్ముడు అబద్ధమాడడు.”

లైను పని వెనక్కిపోయింది. నేను మేస్త్రీగానే ఉన్నాను. అక్క ఆ పొగలోనే ఏళ్లు గడిపింది.

ఎందుకలా అన్నాను? అందరి పొట్టకూటి కోసమేనని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ కూలి కొన్నాళ్లే పోయేది, మళ్లీ వచ్చేది. మళ్లీ తెరిచినప్పుడు నన్నే మేస్త్రీగా పిలుస్తారో లేదో అన్న భయం మాత్రం నా ఒక్కడిదే. నేను కాపాడుకున్నది దాన్నే. అక్కను కాదు.

ఎన్నో ఏళ్లకు, నేను ఆ పని మానేశాక, లైను వచ్చింది. చూడ్డానికి వెళ్లాను. ఓడ చప్పుడు లేకుండా నిలబడి ఉంది. షెడ్డులో ఆడవాళ్లు తుమ్ముకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. దగ్గు లేదు. ఇంతేనా, ఇంత చిన్న పనికా అడ్డుపడ్డాను అనిపించి అక్కడ నిలబడలేకపోయాను. అప్పటికే అక్క ఊరు చేరింది. నాలుగడుగులేస్తే ఆయాసం. చుట్ట తాగే అలవాటుందా అని డాక్టరు అడిగితే సిగ్గుపడి నవ్వింది. పక్కనే ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.

మొన్న ఊరికి వెళ్తే, నా మొహం పీక్కుపోయిందని అక్క దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. నాకు ఒక్క తుమ్ము కూడా రాలేదు. అక్క మాత్రం గోడ పట్టుకుని, ఊపిరాడక చాలాసేపు దగ్గింది.

“చూశావా అబ్బాయా, ఎంత ఘాటో! నీకే దిష్టీ లేదు పో,” అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

అక్కకు చదువు రాదు. ఇది ఆమెకు చేరాలంటే నేనే చదివి వినిపించాలి. ఆ ధైర్యం ఇంకా రాలేదు. కాగితం మీదైనా రాయగలిగాను, ఈ పూట ఊపిరి కాస్త ఆడుతోంది. అది ఘాటు కాదక్కా. పొగే. నాకు అప్పుడే తెలుసు.