కడంబూరాయన పేరు

మా ఇళ్లలో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది: లాయరమ్మ తన చదువు చూపించుకోవడానికి సొంత మేనత్త గొంతును తుడిపించేసిందని. తుడిపించింది నేనే, కాదనను. చదువు చూపించుకోవడానికి మాత్రం కాదు. అత్త అడిగింది, చేశాను.

నా పని సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు రాయడం, జనం సమాచారం ఎవరి చేతిలో ఎంతకాలం ఉండొచ్చో తేల్చడం. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందు గదే ఆఫీసు. మేము ఇళ్లలో మాట్లాడుకునే తెలుగును యంత్రానికి నేర్పాలని చెన్నై కంపెనీ ఒకటి గొంతులు సేకరిస్తుంటే, మావాళ్ల తరఫున దాని ఒప్పందం నేనే రాశాను. గొంతు ఇచ్చినవాళ్లు వద్దంటే ప్రతి నకలూ చెరిపేయాలన్న షరతు కోసం మూడు వారాలు పోట్లాడాను. ఒక్క నకలైనా ఉంచుకుంటామన్నారు వాళ్లు. ఒక్కటీ వీల్లేదన్నాను. గెలిచాను.

విరుదునగర్ దగ్గర నేత ఊళ్లో ఉండే అత్తను ఒప్పించిందీ నేనే. రికార్డు చేసే అమ్మాయి వెళ్లి కొత్త కాపురం సంగతులు చెప్పమంది. మా పెద్ద ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. అత్తకు మామ ఎప్పుడూ, ఆయన సొంత ఊరి పేరుతో, "కడంబూరాయన". ఆయన పోయాక కూడా అంతే. ఆ రోజు, మగ్గం మీదే నిద్రపోయిన కొడుకును తన అత్తగారు ఎలా లేపేదో ఆమె గొంతుతోనే చేసి చూపిస్తూ, ఆ ఊపులో మామను పేరు పెట్టి పిలిచేసింది.

మర్నాడే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

"ఏమే వక్కీలమ్మా, కడంబూరాయన పేరు నా నోట్లో వచ్చేసిందే! తుడిచెయ్యి."

"ఎవరు వింటారత్తా? మిషన్ గదా అది."

"మిషన్‌కి చెవి లేకుంటే నన్నెందుకే కత చెప్పమనిరి?"

ఆ పూటే కంపెనీకి ఉత్తరం రాశాను. వారంలో రికార్డింగు మొత్తం, నకళ్లతో సహా, చెరిపేశామని రాసిచ్చారు. నేను దాన్ని విననే లేదు. ఒకరి సమాచారం ఇంకొకరు ముట్టకూడదని నాకో నియమం ఏడ్చింది కదా!

ఆ మరుసటి ఏడు అత్త పోయింది. కర్మ అయిన రోజున ఆమె కూతురు, మా వదిన, అందరి ముందూ నన్ను నిలదీసింది.

"నీకు సట్టం తెలుసునే. మా అమ్మే తెలవలే."

"మీ అమ్మే తుడవమంది వదినా."

"నగుతా అనిందా, ఏడుస్తా అనిందా?"

అత్త నవ్వుతూనే అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్త పెళ్లికూతురిలా.

ఇంట్లో పెళ్లి వీడియోలన్నీ వెతికాను. అన్నిటిలోనూ అత్త నోరు కదులుతుంది, పైన సినిమా పాట మోగుతుంది. మగ్గం చప్పుడును మించి వీధి చివరిదాకా వినబడే ఆ గొంతు ఒక్క చోటా లేదు.

ఆఫీసుకు ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏది తీసేయాలి, ఏది ఉండాలి? ఆమెనొక్కదాన్నే అడగలేదు.

అత్తా, తుడవమన్నది ఆ ఒక్క పేరునా, మొత్తం నిన్నా?