మిగిలిన ఒక్క నోరు

బస్సు టైరు పేలడం నా అదృష్టం. లేకపోతే పక్క సీట్లో ఉన్నావిడ ఒళ్ళో, తువ్వాలు కప్పిన కుండీలో ఏముందో తెలియకుండానే నా దారిన నేను దిగిపోయేవాణ్ణి. నాకు తెలిసిన దాంట్లో సగం ఇలా బళ్ళు ఆగిపోయిన చోటే నేర్చుకున్నాను. మిగతా సగం పుస్తకాల్లో; అవీ చదివింది బళ్ళలోనే. సరే, సంగతికొస్తాను.

రోడ్డు పక్క, చెమ్మగా ఉన్న ఇసక నేల మీద చెరో రాయి చూసుకుని కూర్చున్నాం. ఆవిడ కుండీని పసిబిడ్డని దించినట్టు దించి, డబ్బా తెరిచి, జాము రాసిన రొట్టె నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడే తిన్నానమ్మా."

"తిన్న మొహమేనా బాబాయ్ అది? తినండి."

నూలు మిల్లు క్యాంటీన్లో వంటమనిషి. మేనేజరు నుంచి ఊడ్చేవాడి దాకా అందరికీ వంటక్కే. చిన్నప్పుడు మేనత్త వెంట గిన్నెలు తోమడానికి వెళ్ళి, గరిటె అందుకుని అక్కడే ఉండిపోయింది. ఖాళీ కంచం చూస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. "నీ ఎదట కూర్చునేవాడు కడుపుకి తాళం వేసుకు రావాలే!" అనేదట అత్తగారు.

తువ్వాలు తీసింది. నల్లగా మాడిన ఆకుల మధ్య ఒకే ఒక్క పచ్చని ఆకు. రెండు రెక్కలుగా విచ్చుకుని, అంచుల్లో ముళ్ళతో, లోపల ఎర్రగా. ఈగల్ని పట్టి తినే మొక్క! బొమ్మల్లో ఎన్నిసార్లు చూశానో. ప్రాణంతో చూడ్డం అదే మొదలు.

"మా మరిది తెచ్చాడు. 'వదినా, ఇన్నాళ్ళూ నీ కూర తిని చచ్చిన ఈగలు చాలు, ఇకమీదట ఇది చూసుకుంటుంది' అన్నాడు వెధవ. నేనూ నవ్వాను. కానీ మొదటిసారి అది ఈగని పట్టినప్పుడు చూశాను బాబాయ్... పొయ్యి మీద పప్పు మాడిపోయింది. కళ్ళు లేవు, ముక్కు లేదు. వచ్చింది ఈగో, వాన చినుకో దానికెవరు చెప్పారు?"

"లోపలి వెంట్రుకలు చెబుతాయి," అన్నాను. "ఒకసారి తగిలితే ఊరుకుంటుంది. కాసేపట్లోనే మళ్ళీ తగిలితే, ప్రాణమున్నదే వచ్చిందని మూసుకుంటుంది. లోపల అది కొట్టుకునే కొద్దీ ఇంకా బిగిసి, రసం ఊరించి కరిగించుకుంటుంది."

"కొట్టుకోవాలా?" అంటూ నీరుగారిపోయింది. "అయితే నేను పెట్టినవి..."

ఈగ దొరకని రోజు ఉడికించిన గుడ్డు ముక్క పెట్టి, వేలితో కదిపి మూయించేదట. పెట్టిన నోరల్లా కుళ్ళింది. నీరసమనుకుని మొదట్లో ఎరువు వేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నగరంలో అద్దాల గదుల్లో మొక్కలు పెంచే తోటలో పనిచేసే తోటమాలి ఫోన్లో తిట్టిపోసి, మట్టి మార్పించాడు. "మిగిలిన ఆ ఒక్క నోరూ మూసుకుంటోందా, బతికినట్టే. లేదంటే పట్టుకురా, చూస్తాను" అన్నాడట.

"మరి మూసుకుంటోందా?"

"వేలు పెట్టి చూసే ధైర్యం లేక, ఆయన చేతే చూపిద్దామని పోతున్నా."

నా చెప్పు పక్కన ఏదో తళుక్కుమంది. వంగి చూశాను. నేలకి అంటుకుని, గుండీలంత ఎర్రటి మొక్కలు, ఆ మేరంతా. ప్రతి ఆకు నిండా వెంట్రుకలు, వెంట్రుక కొసకల్లా ఒక జిగురు బొట్టు. ఎండ ఎంత ముదిరినా ఆరని మంచు. ఒక బొట్టుకి దోమ అతుక్కుంది. చుట్టూ ఉన్న వెంట్రుకలు, గడియారంలో పెద్దముల్లు కదిలినట్టు, చూస్తే కదలవు, చూపు తిప్పితే దగ్గరవుతాయి. ఇద్దరం మోకాళ్ళ మీదకి దిగిపోయాం. ఇన్ని దేశాలు తిరిగాను, ఇలాంటి వాటిని ఎన్నిసార్లు తొక్కుకుంటూ పోయానో!

"ఇవీ దాని చుట్టాలేనా? వీటికెవరు పెడతారు?"

"ఎవరూ పెట్టరమ్మా. ఈ నేలలో సారం లేదు. అందుకే గాల్లో ఎగిరేదాన్ని పట్టుకుంటాయి."

ఆవిడ తన కుండీకేసి చూసుకుంది.

ఇంతలో డబ్బాలోని జాముకి ఈగ వచ్చింది. మూత మీద నడిచి, ఎగిరి, కుండీ అంచున వాలింది. వంటక్క చెయ్యి గాల్లోకి లేచింది; పుట్టినప్పటి నుంచీ ఈగల్ని తోలిన చెయ్యి మరి. లేచింది గానీ అక్కడే ఆగిపోయింది.

ఈగ ఎర్రటి ఆకులోకి దిగింది. ఒక వెంట్రుక వంగింది. ఏమీ కాలేదు. ఈగ కాళ్ళు రుద్దుకుంది. వంటక్క పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. ఈగ ఇంకొక్క అడుగు వేసింది.

రెక్కలు మూసుకున్నాయి. అటు ముళ్ళు, ఇటు ముళ్ళు, వేళ్ళలో వేళ్ళు పెట్టినట్టు. పల్చటి ఆకుపచ్చ గోడ వెనక నల్లటి నీడ గింజుకుంటోంది. నా నోట్లో రొట్టె నోట్లోనే ఉంది.

"ఓరి నీ అఘాయిత్యం కూలా," అంది వంటక్క మెల్లగా, దేవుణ్ణి పిలిచినట్టు.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ ఆ ఎర్ర మొక్కల మీదకి వంగాను. దోమ కనబడడం లేదు, ఆకు దాని మీదకి ముడుచుకుంది. ఆ మాటే చెబుదామని తలెత్తేసరికి ఆవిడ రోడ్డు దాటేసింది. ఎదురుగా వస్తున్న బస్సుని, మిల్లు వైపు పోయేదాన్ని, చెయ్యెత్తి ఆపి ఎక్కింది. కుండీ మీద తువ్వాలు లేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

రొట్టెల డబ్బా మాత్రం నా పక్కనే ఉంది, మూత తీసే ఉంది.